కోత మిల్లు చెత్త, మన ఇంటి అలమార

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ సమావేశంలో డి.ఏ. బకాయిల గురించీ, మెడికల్ బిల్లుల గురించీ మాట్లాడుకోవడం మనకు రివాజు. వాటి మీద సాధికారంగా మాట్లాడగలవారు వేదిక మీదనే ఉన్నారు. కార్యదర్శిగారు నాతో, "మీరు పరిశ్రమల శాఖలో పనిచేశారు గదా, సభ్యులకు ఇంట్లో పనికొచ్చే సంగతి ఏదైనా చెప్పండి" అన్నారు. నేను 1974లో గుమాస్తాగా చేరి, 2009లో గుమాస్తాగానే రిటైరయినవాణ్ణి. మధ్యలో సీనియర్ అసిస్టెంటు అని పేరు మారింది గాని, పని మారలేదు. ఇంజనీరును కాను, వడ్రంగినీ కాను. చూసినదీ, చదివినదీ, కనుక్కున్నదీ మీ ముందు పెడతాను.

విషయం ఏమిటంటే, కోత మిల్లుల్లోనూ కర్మాగారాల్లోనూ మిగిలిపోయిన చెక్క తుక్కుతో పలకలు చేయడం. ఇంగ్లీషువాళ్ళు ఫైబర్ బోర్డు అంటారు. మన భాషలో నారపలక అనవచ్చు. ఇది మనకెందుకు అని మీరు అనుకోవచ్చు. ఈ హాల్లో కూర్చున్నవారిలో కనీసం సగంమంది ఇళ్ళల్లో ఈ పలక ఉంది. రిటైరయినప్పుడు చేతికొచ్చిన గ్రాట్యుటీలోనో, కమ్యుటేషనులోనో కొంత తీసి అలమారలూ వంటగదీ చేయించుకున్నవారు ఉన్నారు. తాము చేయించుకోకపోతే కొడుకూ కోడలూ చేయించుకుంటుంటే డబ్బు సర్దినవారు ఉన్నారు. "ఇది చెక్కేనా, అట్టా?" అని నన్ను అడిగినవారు పదిమందికి తక్కువ లేరు. లక్షల్లో వ్యవహారం. తెలుసుకుని కొనడం మంచిది.

ముందుగా ఒక వస్తువు చూపిస్తాను. ఇది పరీక్ష అట్ట. మన పిల్లలు టెన్తు పరీక్షలకు పట్టుకెళ్ళినది, మనం ఫీల్డు ఎంక్వయిరీకి వెళ్ళినప్పుడు కాగితాలు క్లిప్పుకి పెట్టుకుని మోకాలి మీద రాసుకున్నది. ముందువైపు అద్దంలా నున్నగా ఉంటుంది. వెనకవైపు తిప్పి చూడండి, సన్నని జల్లెడ గుర్తులు. ముప్పయి అయిదేళ్ళు ఈ అట్ట మీద రాశాం గాని, వెనకాల ఆ గళ్ళు ఎందుకున్నాయో మనలో ఎందరు ఆలోచించాం? పాత రేడియోల వెనక చిల్లుల అట్ట ఉండేది జ్ఞాపకం ఉందా? పటం కట్టినప్పుడు వెనక వేసే అట్ట? అవన్నీ ఇదే జాతి. దీన్ని హార్డ్‌బోర్డు అంటారు. ఆ గళ్ళ సంగతి కాసేపాగి చెబుతాను.

మన ప్రాంతం సంగతి తీసుకుందాం. ఒకప్పుడు భద్రాచలం అడవుల నుంచి కలపను తెప్పలు కట్టి గోదావరి మీద రాజమండ్రి దాకా దింపేవారు. అందుకే ఆ ఊళ్ళో కలప అడితీలూ, కోత మిల్లులూ అన్ని వెలిశాయి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో చిన్న పరిశ్రమల రిజిస్ట్రేషను దరఖాస్తులు నా సీటుకే వచ్చేవి. 1978లో జిల్లా పరిశ్రమల కేంద్రాలు వచ్చాక ఆ ఫైళ్ళు ఇంకా పెరిగాయి. కోత మిల్లు దరఖాస్తులో మోటారు ఎన్ని హార్స్ పవరు, రంపం ఎన్ని అంగుళాలు, ఏటా ఎంత కలప కోస్తారు, అన్నీ రాసేవారు. దుంగ కోయగా మిగిలినది ఏమవుతుందో మాత్రం ఎవరూ రాసేవారు కాదు. మేమూ అడిగేవాళ్ళం కాదు.

ఆ మిగిలేది తక్కువేమీ కాదండీ. గుండ్రటి దుంగని నలుచదరం పలకలుగా కోస్తే, పనికొచ్చే కలప సుమారు సగమే వస్తుంది. తక్కినది బెరడుతో ఉన్న పై చెక్కలు, అంచు బద్దీలు, తుంపులు, రంపపు పొట్టు. బెరడు చెక్కలు వంటచెరుకుగా పోయేవి, పాకలకు దడులుగా పోయేవి. పొట్టు ఐసు ఫ్యాక్టరీలవారు దిమ్మలు కరగకుండా కప్పడానికి పట్టుకెళ్ళేవారు. ఇంకా మిగిలినది పొట్టు పొయ్యిలోకి. ఈ తరం పిల్లలకు పొట్టు పొయ్యి తెలియదు, వారి కోసం చెబుతున్నాను. రేకు డబ్బాకి కింద ఒక కన్నం పెట్టి, మధ్యలో సీసా గాని గుండ్రటి కర్ర గాని నిలబెట్టి, చుట్టూ పొట్టు గట్టిగా కూరి, ఆ కర్ర పైకి లాగేస్తే మధ్యన గొట్టంలాగా ఖాళీ ఏర్పడుతుంది. కింద నుంచి అంటిస్తే రెండు మూడు గంటలు నిలకడగా మండేది. మా అమ్మ ఆ పొయ్యి మీదనే అన్నం, కూర, పప్పు, పిల్లల నీళ్ళు అన్నీ ముగించేది. గ్యాసు వచ్చాక ఆ పొయ్యి పోయింది. పొట్టుకి గిరాకీ తగ్గింది. మిల్లుల వెనక గుట్టలు పెరిగాయి. వానలకు తడిసి కుళ్ళడం, ఎండలకు ఎక్కడో నిప్పురవ్వ పడి రోజుల తరబడి పొగలు రావడం నేను కళ్ళారా చూశాను.

సరిగ్గా ఇలాంటి గుట్టల మధ్యనే ఈ పలక పుట్టింది. అయితే మన దేశంలో కాదు. అమెరికాలో మిసిసిపీ రాష్ట్రంలో లారెల్ అనే ఊరు ఉంది. అక్కడ పైన్ కలప కోత మిల్లులు విస్తారం, చెత్త కూడా విస్తారమే, ఎక్కువభాగం కాల్చివేసేవారు. విలియం మేసన్ అని ఒక ఇంజనీరు, ఎడిసన్ వద్ద పనిచేసిన అనుభవం ఉన్నవాడు, ఆ చెత్తని చూసి ఊరుకోలేకపోయాడు. చెక్క ముక్కల్ని గట్టి ఇనుప పాత్రలో పెట్టి, ఆవిరిని చదరపు అంగుళానికి వెయ్యి పౌండ్ల ఒత్తిడి దాకా ఎక్కించి, ఒక్కసారిగా మూత వదిలేస్తే, లోపలి ఆవిరికి ఆ ముక్కలు పేలాల్లాగా పేలి నారగా విడిపోయేవి. మొక్కజొన్న పేలాలు వేయించడం మీరంతా చూశారు. సూత్రం అదే.

ఆ నారతో గోడలకు వేడి తగలకుండా వేసే తేలికపాటి అట్ట చేయాలని ఆయన ఉద్దేశం. 1924లో ఒకరోజు ప్రెస్సులో తడి నార పెట్టి భోజనానికి వెళ్ళాడనీ, ఆవిరి కవాటం సరిగా మూసుకోక ప్రెస్సు వేడెక్కుతూనే ఉండిపోయిందనీ, తిరిగి వచ్చేసరికి మెత్తటి అట్టకు బదులు రాయిలాంటి పలుచని పలక తయారై ఉందనీ చెబుతారు. 1926 నాటికి లారెల్‌లో కర్మాగారం నడిచింది. ఆ పలకకు ఆయన పేరు మీదనే మేసొనైట్ అని పేరు. ఇంచుమించు ఆ రోజుల్లోనే లూసియానాలో చెరకు పిప్పితో ఇలాంటి మెత్తటి అట్ట మరొక కంపెనీవారు చేశారు. మన గోదావరి, కృష్ణా జిల్లాల్లో చెరకు ఫ్యాక్టరీల వెనక పిప్పి గుట్టలు చూసినవారికి ఇది వింటే ఏమనిపిస్తుందో నేను చెప్పనక్కరలేదు.

మేసన్ పలకలో జిగురు లేదు. ఇది గమనించండి. చెట్టులోనే నారనీ నారనీ పట్టి ఉంచే పదార్థం ఒకటి ఉంది, దాన్ని లిగ్నిన్ అంటారు. బాగా వేడి తగిలితే అది మెత్తబడుతుంది. ఒత్తిడి పెట్టి ఆరనిస్తే మళ్ళీ గట్టిపడుతుంది. చెట్టు జిగురుతో చెట్టునే మళ్ళీ అతికించాడన్నమాట. మన కేరళలో కన్నూరు దగ్గర వళపట్టణంలో కూడా ఈ తడి పద్ధతి హార్డ్‌బోర్డు ఫ్యాక్టరీ ఉంది.

ఇప్పుడు ఆ గళ్ళ సంగతి. నారని నీళ్ళలో జావలాగా కలిపి, తీగ జల్లెడ మీద పోసి, కాగితం చేసినట్టే నీరు వడగడతారు. ఆ తడి పరుపుని వేడి ప్రెస్సులో నొక్కినప్పుడు లోపలి నీరు ఆవిరై ఎక్కడికో పోవాలి గదా. అందుకని కింద జల్లెడ పెట్టే నొక్కుతారు. పైన నున్నటి ఇనుప రేకు. పై వైపు నునుపు వచ్చింది, కింది వైపు జల్లెడ అచ్చు పడింది. మన పరీక్ష అట్ట వెనక ఉన్నది ఆ ఆవిరి వెళ్ళిపోయిన దారి.

ఈ తడి పద్ధతికి నీళ్ళు చాలా కావాలి, బయటికి వచ్చే మురుగు నీరూ ఎక్కువే. పైగా మందంగా చేయడం కష్టం, అయిదారు మిల్లీమీటర్లు దాటితే ఆవిరి సరిగా బయటపడదు. అందుకని 1960ల మధ్యలో న్యూయార్క్ రాష్ట్రంలో డిపాజిట్ అనే ఊళ్ళో పొడి పద్ధతి ఫ్యాక్టరీ మొదలైంది. (ఊరి పేరే డిపాజిట్. మన పెన్షనర్లకు ఇష్టమైన పేరు.) దాన్నే ఇప్పుడు ఎం.డి.ఎఫ్. అంటున్నాం. మధ్యస్థ సాంద్రత నారపలక అని అర్థం. మీ ఇంటి అలమార తలుపులు, టి.వి. వెనక నగిషీ పలక, పూజ మందిరం జాలీ, చాలావరకు ఇవే.

ఇది చేసే పద్ధతి చెబుతాను, తర్వాత చెప్పబోయే జాగ్రత్తలకు ఇదే ఆధారం. కర్రని బెరడు తీసి అగ్గిపెట్టె అంత ముక్కలుగా నరుకుతారు. ఇసుక పోయేలాగా కడుగుతారు, అయస్కాంతం పెట్టి మేకులు ఏరేస్తారు. సుమారు 170 డిగ్రీల ఆవిరిలో కొద్ది నిమిషాలు ఉడికిస్తారు. ఆ ఉడికిన ముక్కల్ని గాళ్ళు తీసిన రెండు ఉక్కు పళ్ళాల మధ్య తిప్పితే నారగా విడిపోతాయి. తిరగలి అనుకోండి, పిండికి బదులు దూది వస్తుంది. ఆ దూది గొట్టంలో పరుగెత్తుతుండగానే దాని మీద జిగురు, కాస్త మైనం చల్లుతారు. జిగురు నార బరువులో సుమారు పదో వంతు. ఆరబెట్టి, పరుపులాగా పరిచి, వేడి ప్రెస్సులో నొక్కుతారు. పద్దెనిమిది మిల్లీమీటర్ల పలక రావాలంటే ముందు ఆ పరుపు దాదాపు మూరెడు మందం ఉంటుంది. మూరెడు దూది ముప్పాతిక అంగుళం పలక అవుతుందన్నమాట.

ఇక్కడ ఒక అపోహ తొలగించాలి. "రంపపు పొట్టుని జిగురుతో కలిపి నొక్కేస్తారు, అదే ఎం.డి.ఎఫ్." అని చాలామంది అంటారు. అలా కాదు. రంపం పళ్ళు నారని అడ్డంగా తెంపేస్తాయి. మన జామాయిలు, సరుగుడు లాంటి చెట్లలో నార పొడవే సుమారు ఒక మిల్లీమీటరు. దాన్ని మళ్ళీ తెంపితే ఒకదాన్నొకటి పెనవేసుకోవడానికి ఏం మిగులుతుంది? తాడు పేనాలంటే పొడుగు పీచు కావాలి గాని, పిండితో తాడు పేనలేం. అందుకని పొట్టుని కొద్ది పాళ్ళలో కలుపుతారేమో గాని, అసలు సరుకు బెరడు తీసిన పై చెక్కలు, అంచు బద్దీలు, ప్లైవుడ్డు మిల్లులో పొర ఒలిచాక మిగిలిన లోపలి మొద్దు, ఇలాంటివి. పొట్టూ, చిత్రిక పట్టినప్పుడు రాలే చుట్టలూ ఎక్కువగా పోయేది పార్టికల్ బోర్డులోకి.

ఈ మూడింటినీ గుర్తుపట్టడం మా గోదావరి జిల్లాలవారికి చాలా సులువు. పలక అంచు చూడండి. పొర మీద పొర కనబడితే ప్లైవుడ్డు, అది ఆత్రేయపురం పూతరేకు. ముక్కలు ముక్కలుగా, మధ్య మధ్య సందులతో కనబడితే పార్టికల్ బోర్డు, అది వేరుశనగ అచ్చు. ముక్కా పొరా ఏమీ లేకుండా అంతా ఒకటే ముద్దగా, నున్నగా ఉంటే ఎం.డి.ఎఫ్., అది సున్నుండ. సున్నుండని నీళ్ళలో వేస్తే ఏమవుతుందో మీకు తెలుసు. ఆ సంగతికే వస్తున్నాను.

దానికి ముందు ఒక్క మాట. 1996 డిసెంబరు 12న సుప్రీంకోర్టు గోదావర్మన్ కేసులో ఇచ్చిన ఉత్తర్వుతో అడవుల నరికివేత మీదా, లైసెన్సు లేని కోత మిల్లుల మీదా కట్టడి వచ్చింది. మా ఆఫీసులో ఆ రోజుల్లో వచ్చిన ఉత్తరాలూ జవాబులూ తలచుకుంటే ఇప్పటికీ చెయ్యి నొప్పి పుడుతుంది. అడవి కలప తగ్గింది, పొలంలో పెంచిన కర్రకి విలువ వచ్చింది. 2018లో శ్రీకాళహస్తి దగ్గర పెద్ద ఎం.డి.ఎఫ్. కర్మాగారం ఉత్పత్తి మొదలుపెట్టింది. ఏడాదికి 3,60,000 ఘనపు మీటర్ల సామర్థ్యంతో కట్టారు. దానికి కావలసిన కర్ర రైతులు పెంచే జామాయిలు, సరుగుడు, సుబాబుల్.

కాబట్టి "చెత్తతో చేసిన పలక, పర్యావరణానికి మేలు" అని ఎవరైనా అమ్మవస్తే పూర్తిగా నమ్మకండి. ఇంత పెద్ద కర్మాగారాన్ని కోత మిల్లు తుక్కు ఒక్కటే పోషించలేదు. పలక కోసమే చెట్టు పెంచుతున్నారు. తప్పని నేను అనను. అడవిలో నూరేళ్ళ టేకుని కూల్చడం కంటె చేలో నాలుగైదేళ్ళలో ఎదిగే కర్ర నయం. కాగితం మిల్లులతో పాటు ఇంకొక కొనుగోలుదారు ఉంటే రైతుకీ మంచిదే. నా అసంతృప్తి వేరు. ఊరూరా ఉన్న చిన్న కోత మిల్లుల తుక్కు ఇప్పటికీ చాలాచోట్ల ఇటుక బట్టీకో బాయిలరుకో పోతున్నది. దాన్ని ఒకచోటికి చేర్చే ఏర్పాటు లేదు. లారీ కిరాయి గిట్టదు. తేలికైన సరుకు, చోటు ఎక్కువ ఆక్రమిస్తుంది. కేరళవారు ఈ విషయంలో మనకంటె మెరుగు. పాతిక ముప్పయి ఏళ్ళు పాలు గీసి ముసలిదైపోయిన రబ్బరు చెట్టుని ఒకప్పుడు వంటచెరుక్కి కొట్టేసేవారు. ఇప్పుడు అదే కలపగానూ పలకగానూ మారుతున్నది. రిటైరయిన తర్వాత కూడా పనికొస్తున్నదన్నమాట. ఆ మాట మీద మనకు ప్రత్యేకమైన అభిమానం ఉండాలి.

ఇక మన ఇంటి సంగతి. ఎం.డి.ఎఫ్.లో మామూలుగా వాడే జిగురు యూరియా, ఫార్మాల్డిహైడు కలిపి చేసినది. చవక, తొందరగా గట్టిపడుతుంది, రంగు ఉండదు. కాని రెండు లోపాలు. ఒకటి, నీళ్ళకు ఆగదు. రెండు, కొంత వాయువు బయటికి వదులుతూ ఉంటుంది.

మొదటిది మా ఇంట్లోనే జరిగింది. 2021లో హైదరాబాదులో మా అబ్బాయి ఫ్లాటుకి వంటగది చేయించాం. నా అలవాటు ప్రకారం కాంట్రాక్టరుని కొటేషనులో అన్నీ రాయమన్నాను. ఏ పలక, ఎంత మందం, ఏ గ్రేడు, ఐ.ఎస్. నంబరు ఎంత. "ఇన్ని ఎవరూ అడగరు అంకుల్" అన్నాడు. రాస్తేనే అడ్వాన్సు అన్నాను. సింకు కింద తేమకు ఆగే రకం వేస్తానని రాసిచ్చాడు. శాంపిల్ ముక్క ఇచ్చాడు. దాని వెనక తారీఖు వేసి, అతని చేత సంతకం చేయించి, నేనూ సంతకం చేసి బీరువాలో పెట్టాను. మా కోడలు నవ్వింది, "మామయ్యగారూ, చెక్క ముక్కకి కూడా ఫైలేనా?" అని.

పద్నాలుగు నెలలకు సింకు గొట్టం కాస్త కారింది. రెండు రోజులు ఎవరూ చూడలేదు. అడుగు పలక బూరెలాగా ఉబ్బింది, తలుపు పట్టలేదు. కాంట్రాక్టరు వచ్చి, "ఎంత మంచి బోర్డయినా నీళ్ళు నిలిస్తే ఇంతే అంకుల్" అన్నాడు. నేను ఏమీ అనలేదు. పని జరిగినప్పుడు బాల్కనీలో వదిలేసిన తుంపు ఒకటి దాచి ఉంచాను. అదీ, సంతకం చేసిన శాంపిల్లో ఒక మూల కోసిన ముక్కా రెండింటినీ ఒకే బకెట్లో ఒక రాత్రి నానబెట్టాను. తెల్లారేసరికి శాంపిల్ ముక్క దాదాపు అలాగే ఉంది. తుంపు అంచులు పువ్వులాగా విచ్చుకున్నాయి. చూపించింది ఒకటి, వేసింది ఒకటి. రెండు ముక్కల ఫొటోలు, కొటేషను నకలు జతచేసి రిజిస్టరు పోస్టులో ఉత్తరం రాశాను. జిల్లా వినియోగదారుల కమిషన్‌కు నకలు పంపుతానని చివర ఒక వాక్యం. రెండు నెలలు, మూడు ఉత్తరాలు పట్టింది గాని, కింది పలకలన్నీ మార్చి వెళ్ళాడు. అతని పేరు ఇక్కడ అప్రస్తుతం.

కాబట్టి నేను చెప్పేది ఇదీ. నీళ్ళు తగిలే చోట, అంటే సింకు కింద, స్నానాల గది పక్క గోడకి ఆనించి, మామూలు ఎం.డి.ఎఫ్. వద్దు. అక్కడ మెరైన్ ప్లైవుడ్డు వేయించండి, దాని మీద ఐ.ఎస్. 710 అని ఉంటుంది. లేదా మెలమిన్ కలిపిన జిగురుతో చేసిన తేమ నిరోధక పలక వేయించండి. తేమ నిరోధక రకానికి చాలా కంపెనీలు లోపల ఆకుపచ్చ రంగు కలుపుతాయి. ఆ రంగు గుర్తు కోసమే, రంగు నీటిని ఆపదు. ఒక రాత్రి బకెట్టు పరీక్షకు ఖర్చు ఏమీ లేదు. ఎం.డి.ఎఫ్. పలకల ప్రమాణం ఐ.ఎస్. 12406. చెక్క పలకలకు ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి చేస్తూ కేంద్రం తెచ్చిన ఉత్తర్వు 2025లో అమలులోకి వచ్చింది. పలక దిగినప్పుడు దాని మీద అచ్చు ఉంటుంది. సన్‌మైకా అతికించకముందే సెల్‌ఫోనుతో ఫొటో తీసుకోండి. తర్వాత చూద్దామంటే కనబడదు.

అంచులన్నీ మూయించండి. పైనా కిందా సన్‌మైకా వేసి, వెనక అంచు కనబడదు గదా అని వదిలేస్తారు. నీరు ఎక్కేది ఆ అంచు లోంచే. బందులు బిగించే ముందు సన్నని డ్రిల్లుతో కన్నం చేసి అప్పుడు మర బిగించాలి. మేకు కొట్టినట్టు అంచులో నేరుగా బిగిస్తే పలక చీలుతుంది, ఒకసారి ఊడితే మళ్ళీ అదే కన్నంలో పట్టదు. పుస్తకాల అరకి పొడుగు ఎక్కువైతే మధ్యలో ఆధారం పెట్టించండి. ఇందులో చెట్టు నార ఒకే దిక్కుగా ఉండదు, బరువుకి చెక్కకంటె తొందరగా వంగుతుంది. మన వాళ్ళ ఇళ్ళల్లో భారతం, భాగవతం, పాత సర్వీసు రూల్సు పుస్తకాలు బరువు తక్కువేమీ కాదు.

రెండో లోపం వాయువు. కొత్త అలమార తలుపు తీయగానే ముక్కులో గుచ్చినట్టు వచ్చే ఘాటు, కళ్ళు మండటం, చాలామటుకు ఫార్మాల్డిహైడు వల్లనే. 2004లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కేన్సరు పరిశోధన సంస్థ దీన్ని మనుషుల్లో కేన్సరు కలిగించే పదార్థాల మొదటి జాబితాలో చేర్చింది. భయపెట్టడానికి చెప్పడం లేదు. వదిలే మోతాదుని బట్టి పలకలకు ఇ-1, ఇ-2 అని తరగతులు ఉన్నాయి. వంద గ్రాముల పలకలో ఎనిమిది మిల్లీగ్రాములు దాటకపోతే ఇ-1, అక్కడ నుంచి ముప్పయి దాకా ఇ-2. ఇ-1 గాని అంతకంటె తక్కువది గాని అడగండి. ఈ ఘాటు మొదటి నెలల్లో ఎక్కువ, క్రమంగా తగ్గుతుంది. వేడికీ తేమకీ పెరుగుతుంది. పలకంతా కప్పి, అంచులు మూస్తే బాగా తగ్గుతుంది. కొత్త అలమారలు చేయించిన గదిలో కొన్ని వారాలు తలుపులు బార్లా తీసి ఉంచండి. ఆ గదిని పసిపిల్లలకూ, ఉబ్బసం ఉన్న పెద్దలకూ వెంటనే పడకగది చేయకండి. ఏ.సి. వేసుకుని కిటికీలు బిగించుకుని పడుకుంటే ఘాటు ఎక్కడికీ పోదు, మన ముక్కులోకే.

మరి టేకే మంచిదా అంటారు. డబ్బుంటే టేకు మంచిదే, ఎవరు కాదన్నారు? అయితే రంగు వేయాలంటే, నగిషీ చెక్కించాలంటే, వెడల్పాటి తలుపు వంకర తిరగకుండా ఉండాలంటే ఎం.డి.ఎఫ్.కి సాటి లేదు. ఎటు చూసినా ఒకటే సాంద్రత, కణుపు లేదు, రేఖ లేదు. పొడిగా ఉంచితే మనకంటె ఎక్కువకాలం ఉంటుంది. తడి చోట పెట్టి తిట్టడం న్యాయం కాదు.

ప్రసంగం తర్వాత సభ్యులు కొన్ని ప్రశ్నలు అడిగారు. సంపాదకవర్గం కోరిక మీద జవాబులు కూడా ఇక్కడ రాస్తున్నాను.

చెద పడుతుందా అని ఒక సోదరి అడిగారు. పడుతుందమ్మా. ఇది కూడా చెట్టే. మందు కలిపిన రకాలు దొరుకుతాయి, బిల్లు మీద ఆ మాట రాయించుకోవాలి. నేలకి ఆనించకుండా కాళ్ళ మీద నిలబెట్టడం అన్నిటికంటె మంచిది.

వడ్రంగి ఇంట్లోనే కోస్తున్నాడు, దుమ్ము పరవాలేదా అని మరొకరు అడిగారు. పరవా ఉంది. రంపపు పొట్టు కింద పడుతుంది గాని ఈ దుమ్ము గాలిలో తేలుతుంది, చాలా సన్నం. పని డాబా మీదో, బయట వాకిట్లోనో పెట్టించండి. ఆ కుర్రాడికి ఒక మంచి మాస్కు మీరే కొనివ్వండి, అతను కొనుక్కోడు.

చివరగా, పని అయ్యాక మిగిలిన తుంపులు రాగి బాయిలరులో వేసి నీళ్ళు కాచుకుంటున్నామని ఇద్దరు ముగ్గురు చెప్పారు. దయచేసి ఆ పని చేయకండి. అందులో జిగురు ఉంది, పైన సన్‌మైకా ఉంది, ఆ పొగ మంచిది కాదు. మామూలు కట్టె తుంపులు వేసుకోండి. ఎం.డి.ఎఫ్. తుంపులు పెద్దవైతే మనవల పరీక్ష అట్టలకు కోయించండి, చిన్నవైతే మంచం కోళ్ళ కింద పెట్టుకోండి, అది కూడా పొడి గదిలో.